ఓఎల్ఈడీనా, క్యూఎల్ఈడీనా? టీవీ కొనే ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి ఇవీ

32 అంగుళాల కంటే పెద్ద టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పెద్ద టీవీ కొనాలనుకునేవారికి ఇది ఊరటే. కానీ షోరూమ్‌లో అడుగుపెట్టగానే ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ, మినీ ఎల్ఈడీ, ఓఎల్ఈడీ అంటూ పేర్ల వరుస ఎదురవుతుంది. పేర్లు ఎన్ని ఉన్నా వాటి వెనకున్న టెక్నాలజీలు ప్రధానంగా రెండే. వాటిలో ఏది మేలన్నది టీవీని పెట్టే గదిని, అందులో ఎక్కువగా చూసే కార్యక్రమాలను బట్టి తేలుతుంది.

పేర్లు అనేకం, రకాలు రెండు

మొదటి రకం ఎల్‌సీడీ. ఈ తెరకు సొంత వెలుగు ఉండదు. వెనక లైట్లు వెలుగుతుంటాయి. ముందున్న ద్రవ స్ఫటికాల పొర కిటికీ రెక్కల్లా పనిచేస్తూ, ఎక్కడ ఎంత కావాలో అంత వెలుగును బయటకు వదులుతుంది. ఒకప్పుడు వెనక సన్నని ట్యూబులైట్లు ఉండేవి. వాటి స్థానంలో ఎల్ఈడీ లైట్లు వచ్చాక ‘ఎల్ఈడీ టీవీ’ అనే పేరు స్థిరపడింది. రంగులు మెరుగ్గా రావడానికి క్వాంటమ్ డాట్స్ అనే అతిసూక్ష్మ కణాల పొరను జోడిస్తే అది క్యూఎల్ఈడీ. వెనక చిన్న చిన్న ఎల్ఈడీలను పెద్ద సంఖ్యలో అమర్చి, భాగాలవారీగా వెలుగు పెంచుతూ, తగ్గిస్తూ ఉంటే అది మినీ ఎల్ఈడీ. ఇవన్నీ ఎల్‌సీడీ కుటుంబమే.

రెండో రకం ఓఎల్ఈడీ. ఇందులో వెనక లైట్లు ఉండవు. ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది, తానే ఆరిపోతుంది. నలుపు కావాల్సిన చోట పిక్సెల్ పూర్తిగా ఆరిపోతుంది కాబట్టి చీకటి సన్నివేశాలు నిజంగా చీకటిగానే కనిపిస్తాయి.

ప్లాస్మా నేర్పిన పాఠం

2000 దశకంలో ప్లాస్మా, ఎల్‌సీడీల మధ్య ఇలాంటి పోటీయే నడిచింది. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో పుట్టిన ప్లాస్మా తెరలోనూ ప్రతి చుక్కా సొంతంగా వెలిగేది. నలుపు, వేగంగా కదిలే దృశ్యాల విషయంలో ఎల్‌సీడీ కంటే ప్లాస్మాయే మెరుగని చాలామంది నిపుణులు చెప్పేవారు. అయితే ప్లాస్మా టీవీలు బరువు, కరెంటు వాడకం ఎక్కువ. పైగా లైట్లతో వెలిగిపోయే షోరూముల్లో ఎల్‌సీడీ పక్కన వెలవెలబోయేవి. ఎల్‌సీడీలు అన్ని సైజుల్లోనూ వచ్చి ధరలు తగ్గడంతో పోటీ ముగిసింది. పానాసోనిక్ 2013 చివర్లో, శాంసంగ్ 2014లో ప్లాస్మా తయారీని ఆపేశాయి.

షోరూమ్‌లో నేటికీ అదే పరిస్థితి. అక్కడ టీవీలను సాధారణంగా అత్యధిక వెలుగులో, కంపెనీ ఎంపిక చేసిన వీడియోలతో నడుపుతారు. ఇంట్లో ఆ వెలుగు, ఆ వీడియోలు ఉండవు. అందుకే షోరూమ్‌కు వెళ్లే ముందే ఈ కింది విషయాలు తేల్చుకోవడం మంచిది.

గదిలో వెలుతురు ఎంత?

కిటికీల నుంచి పగలంతా వెలుతురు పడే హాల్లో ఎక్కువ కాంతినిచ్చే క్యూఎల్ఈడీ, మినీ ఎల్ఈడీలు సౌకర్యం. రాత్రిపూట లైట్లు తగ్గించి సినిమాలు చూసే ఇంట్లో ఓఎల్ఈడీ ప్రత్యేకత తెలుస్తుంది. గదికి ఒక పక్కన, కింద కూర్చుని చూసేవారు ఎక్కువగా ఉన్నా ఓఎల్ఈడీదే పైచేయి. చాలా ఎల్‌సీడీల్లో పక్క నుంచి చూస్తే రంగులు వెలిసినట్లు కనిపిస్తాయి.

రోజంతా న్యూస్ ఛానెలేనా?

ఓఎల్ఈడీ బలహీనత బర్న్-ఇన్. దాని పిక్సెళ్లలో ఉండే సేంద్రియ పదార్థం వాడేకొద్దీ అరుగుతుంది. ఒకే బొమ్మ ఒకే చోట గంటల తరబడి, నెలల తరబడి కనిపిస్తే అక్కడి పిక్సెళ్లు మిగతా వాటికంటే త్వరగా అరిగి, మచ్చలా మిగిలిపోవచ్చు. మన న్యూస్ ఛానెళ్లలో మూలన లోగో, కింద బ్రేకింగ్ పట్టీ కదలకుండా ఉంటాయి. ఉదయం నుంచి రాత్రి వరకు వార్తలు నడిచే ఇంటికి ఎల్‌సీడీ కుటుంబమే క్షేమం. బర్న్-ఇన్‌కు చాలా వారంటీలు వర్తించవు. వారంటీ లేకుండా ప్యానెల్ మార్చాలంటే ఖర్చు చాలాసార్లు కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది.

ఓఎల్ఈడీ కొన్నవారు మార్చుకోవాల్సిన అలవాటు ఒకటుంది. చాలా ఇళ్లలో టీవీ చూడటం అయిపోగానే గోడ మీద స్విచ్ కట్టేస్తారు. కొన్ని గంటల వాడకం తర్వాత, రిమోట్‌తో ఆపినప్పుడు ఓఎల్ఈడీ స్టాండ్‌బైలో తన పిక్సెళ్లను తానే సరిచేసుకుంటుంది. వెంటనే కరెంటు తీసేస్తే ఆ పని ఆగిపోతుంది.

సైజు, కరెంటు బిల్లు

సైజుకు ఒక సులువైన లెక్క ఉంది. తెర కొలతను 1.6తో గుణిస్తే సుమారుగా ఎంత దూరంలో కూర్చోవాలో తెలుస్తుంది. 55 అంగుళాలకు దాదాపు 7 అడుగులు, 43 అంగుళాలకు 6 అడుగుల కంటే కొంచెం తక్కువ. ఇంట్లో ఎక్కువగా చూసేవి కేబుల్‌లోని ఎస్‌డీ ఛానెళ్లయితే మరీ పెద్ద తెర మీద బొమ్మ మసకగా కనిపిస్తుంది.

150 వాట్ల టీవీని రోజుకు 6 గంటలు చూస్తే 30 రోజులకు 27 యూనిట్లు అవుతాయి. బీఈఈ స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో ఉంటుంది. నక్షత్రాలతో పాటు ఆ అంకెనూ పోల్చాలి.

రాత్రి సినిమాలు, వెబ్ సిరీస్‌లు ఎక్కువగా చూసే ఇంటికి, బడ్జెట్ అనుమతిస్తే ఓఎల్ఈడీ సరిపోతుంది. వార్తలు, సీరియళ్లు, క్రికెట్‌తో పగలంతా టీవీ నడిచే ఇంటికి మంచి క్యూఎల్ఈడీ గానీ, మినీ ఎల్ఈడీ గానీ చాలు. అలాంటి ఇంట్లో ఓఎల్ఈడీకి అదనంగా పెట్టే డబ్బుకు తగ్గ ఫలితం దక్కదు.