రెండవసారి అదే దారి

వేసవిలో ఇంటర్ ఫలితాలు వెలువడే రోజున మన పల్లెల్లో రెండు రకాల ఇళ్లు కనిపిస్తాయి. ఒక ఇంటి ముందు స్వీట్లు పంచుతుంటారు. మరొక ఇంట్లో మిట్టమధ్యాహ్నమైనా పొయ్యి వెలగదు. ఎవరైనా వచ్చి ఎన్ని మార్కులని అడుగుతారేమోనని తలుపు దగ్గరగా వేసి ఉంటుంది.

కొన్నేండ్ల క్రితం మా సంఘములో అటువంటి ఇల్లొకటి ఉండెను. తండ్రి కౌలురైతు. ఆ సంవత్సరమే మిరపతోట తెగులుతో పోయింది. కాలేజీ ఫీజుకు చేసిన అప్పు అలాగే ఉంది. కుమారునికి ఆరు పేపర్లలో రెండు పోయాయి. ఆ రాత్రి తండ్రి కోపము పట్టలేక, “నీకు పెట్టిన డబ్బు గేదెకు పెట్టినా పాలిచ్చేది” అన్నాడు. కుర్రవాడు మారు మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లవారకముందే తల్లి లేచి, వసారాలో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ గంపకెత్తుకొని పక్కింట్లో పెట్టి తాళము వేయించి వచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

ఒక మాట దాచకుండా ఒప్పుకోవాలి. ఆ వార్త తెలిసి కూడా మేమెవరమూ మొదటిరోజు ఆ గడప తొక్కలేదు. వెళ్లి ఏమి మాట్లాడాలో మాకు తెలియలేదు. మరునాడు సాయంత్రము వెళ్లినవాడు సంఘ పెద్దలలో ఒకాయన, రిటైరైన బస్సు కండక్టరు. ఆయన మంచము అంచున కూర్చొని అడిగిన మాటలివి.

“ఏరా అబ్బాయ్, ఏవి పోయాయి?”

“లెక్కలు బి, ఫిజిక్సు, తాతయ్యా.”

“అంటే నాలుగు వచ్చాయి. నేను పదో తరగతి రెండుసార్లు తప్పాను తెలుసా? రేపు పొద్దున కాలేజీకి పోదాం. సప్లిమెంటరీకి ఫీజు కట్టాలి. నేనూ వస్తాను.”

ఆయన వాక్యము చదవలేదు, ఉపదేశము చేయలేదు. కాని ఆ మాటలలో ఒక సువార్త ఉన్నదని మాకు తరువాత బోధపడింది. అదేమిటో వాక్యములో చూద్దాము.

పెర్గేలో ఆగిపోయినవాడు

యెరూషలేములో మరియ అనే విశ్వాసురాలి ఇల్లుండేది. పేతురు చెరసాలలో ఉన్న రాత్రి సంఘము ప్రార్థించినది ఆ ఇంట్లోనే (అపొ. కార్యములు 12:12). ఆమె కుమారుడే మార్కు అను మారుపేరుగల యోహాను. భక్తిగల ఇంట పుట్టినవాడు, బర్నబాకు దగ్గరి బంధువు. పౌలు బర్నబాలు మొదటి సువార్త ప్రయాణానికి బయలుదేరినప్పుడు సహాయకునిగా వెంట వెళ్లాడు. కుప్ర ద్వీపమంతా తిరిగి, ఓడ దాటి పంఫూలియాలోని పెర్గేకు చేరిన తరువాత వారిని విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు (13:13). ఎందుకు వెళ్లాడో లేఖనము చెప్పలేదు. ముందున్న కొండదారులకు భయపడ్డాడో, ఇంటిమీద బెంగపడ్డాడో మనకు తెలియదు.

కారణము తెలియదు గాని, ఫలితము తెలుసు. మరొక ప్రయాణానికి సిద్ధపడే వేళ బర్నబా అతనిని మరల తీసుకొని వెళ్దామన్నాడు. పనిలో తమతో రాక మధ్యలో విడిచినవానిని తీసుకొనిపోవుట తగదని పౌలు అన్నాడు. మాట మాట పెరిగి, ఆ ఇద్దరు మహా సేవకులే వేరైపోయారు (15:37-39). ఆ యౌవనుని మనస్సు ఆ రోజున ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. తాను తప్పినది ఒక్కసారి. ఇప్పుడు తనవలన పెద్దలిద్దరు విడిపోయారు. ఇంటర్ తప్పిన కుర్రవాడు, తనవలన తండ్రి తల్లి పోట్లాడుకొనుట గోడవైపు తిరిగి వింటున్నట్టే గదా!

పౌలు చెప్పినది అన్యాయము కాదు. పని కష్టమైనది, నమ్మకస్థుడు కావాలి. బర్నబా కూడా మార్కు తప్పు చేయలేదని వాదించినట్టు వ్రాయబడలేదు. అతడు చేసినదల్లా అతనికి రెండవ అవకాశమిచ్చుట. ఎక్కడికి తీసుకొని వెళ్లాడో చూడండి. ఓడ ఎక్కించి కుప్రకు తీసుకొని వెళ్లాడు. మొదటి ప్రయాణము ఆరంభమైనది ఆ ద్వీపములోనే. అంటే ఎక్కడ మొదలుపెట్టి విడిచాడో అక్కడినుండే మరల నడిపించాడు.

ఆ తరువాత కొన్ని సంవత్సరాలపాటు మార్కును గూర్చి లేఖనము మౌనముగా ఉన్నది. దిద్దుబాటు జరిగే కాలము తరచుగా ఇలాగే ఉంటుంది. బయటికి ఏమీ కనబడదు. తరువాత పౌలు ఖైదులో ఉండి వ్రాసిన కొలొస్సయుల పత్రికలో మార్కు ఆయన దగ్గరే ఉన్నాడు, అతడు మీయొద్దకు వస్తే చేర్చుకొనండని ఆజ్ఞ కూడా ఉన్నది (4:10). మరణము సమీపించిన దినములలో తిమోతికి వ్రాస్తూ, మార్కును వెంటబెట్టుకొని రమ్మని, అతడు తనకు పరిచర్యలో ఉపయోగపడేవాడని చెప్పాడు (2 తిమోతి 4:11). ఒకప్పుడు పనికిరాడన్న నోటనే ఈ మాట వచ్చింది. తప్పినవాడు మారాడు. తీర్పు తీర్చినవాడు కూడా తన తీర్పు మార్చుకున్నాడు. ఈ రెండవది మొదటిదానికంటె తక్కువ గొప్పది కాదు.

ఒక పేరు ఎక్కువ

మార్కు పేతురుకు తోడుగా ఉండి, ఆయన చెప్పినవాటిని విని తన సువార్తను వ్రాశాడని ఆది సంఘ కాలమునుండి వచ్చిన సాక్ష్యము. పేతురు కూడా తన మొదటి పత్రిక చివర మార్కును కుమారుడని పిలిచాడు (5:13). ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకినవాడు ఒకడు, సగము దారిలో సేవ విడిచినవాడు ఒకడు. పడి లేచిన ఇద్దరు ఒకచోట చేరారు.

ఆ సువార్తలో పేతురు బొంకిన సంగతి ఏమీ దాచకుండా వ్రాయబడింది. అయితే పునరుత్థాన ఉదయమున సమాధియొద్ద దూత స్త్రీలతో చెప్పిన మాటలో మరొక సంగతి ఉన్నది. శిష్యులకు చెప్పండి అని ఊరుకొనక, పేతురుకు కూడా చెప్పండి అన్నాడు (మార్కు 16:7). నాలుగు సువార్తలలోను ఆ మాటలో పేతురు పేరును వేరుగా చెప్పినది మార్కు ఒక్కడే. శిష్యులు అంటే అందులో పేతురు రాడా? వస్తాడు. కాని తప్పినవాడు, “అందరూ రండి” అన్నప్పుడు ఆ అందరిలో తాను లేనని అనుకుంటాడు. పేరు పెట్టి పిలిస్తే గాని అతనికి ధైర్యము రాదు. ఈ సంగతి మార్కుకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

తప్పు లేకుండా తగిలిన దెబ్బ

నష్టాలన్నీ మన తప్పులవలననే రావు. కొన్ని కారణము తెలియకుండానే వచ్చిపడతాయి. అందుకు మన తెలుగు భాషకు సంబంధించిన ఒక సంగతి ఉన్నది.

ఇంగ్లండులో చెప్పులు కుట్టి బ్రతికిన విలియం కేరీ 1793లో బెంగాలుకు వచ్చాడు. 1800 నుండి కలకత్తాకు దగ్గరలోని సెరంపూరులో మార్ష్‌మన్, వార్డు అను సహోదరులతో కలిసి ముద్రణాలయము నడిపాడు. 1812 మార్చి 11 సాయంకాలము ఆ ముద్రణాలయములో నిప్పంటుకున్నది. కారణము ఎన్నటికీ తేలలేదు. ఆ రాత్రి పైకప్పు కూలిపోయింది. కాగితము, అనేక భాషల అచ్చు అక్షరాలు, బైబిలు అనువాదాల వ్రాతప్రతులు బూడిదయ్యాయి. కేరీ తెలుగు భాషకు వ్రాసిన వ్యాకరణము కూడా కాలిపోయింది. సంస్కృతమునకు, దానితో సంబంధమున్న భాషలకు ఎంతో శ్రమపడి చేస్తున్న పెద్ద నిఘంటువు ఆనవాలు లేకుండా పోయింది.

కేరీ ఆ రోజు కలకత్తాలో ఉన్నాడు. మరునాడు మార్ష్‌మన్ వెళ్లి చెప్పవలసివచ్చింది. కేరీ సెరంపూరుకు వచ్చి చూసి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ ఆదివారము 46వ కీర్తననుండి, ఊరకుండి దేవుడే దేవుడని తెలిసికొనుటను గూర్చి ప్రసంగించాడు. ఊరకుండుట అంటే చేతులు ముడుచుకొని కూర్చొనుట కాదు. వార్డు శిథిలాలు తవ్వించి చూస్తే, అక్షరాలు పోతపోయుటకు వాడే అచ్చులు చెడకుండా దొరికాయి. అచ్చుయంత్రాలు మిగిలాయి. కరిగిపోయిన సీసమునే మరల కరిగించి కొత్త అక్షరాలు పోశారు. కొద్ది వారాలలోనే పని తిరిగి మొదలైంది. ఇంగ్లండులోని సంఘాలు వార్త విని, నష్టమునకు సరిపడ సొమ్ము సమకూర్చి పంపాయి.

ఒకసారి నడిచిన దారిని రెండవసారి నడుచుట ఎక్కువ సులభముగాను, నిశ్చయముగాను ఉంటుందని కేరీ ఆ దినాలలో ఒక ఉత్తరములో వ్రాశాడు. ఆయన తిరిగి వ్రాసిన తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయింది. 1818లో తెలుగు క్రొత్త నిబంధన సెరంపూరునుండి వచ్చింది. అయితే ఆ పెద్ద నిఘంటువు మాత్రము మరల రాలేదు. ఇది కూడా చెప్పుకోవాలి. పోయినదంతా తిరిగి వస్తుందని దేవుడు మనకు మాట ఇవ్వలేదు. మిగిలినదానితో పని చేయుటకు బలమిస్తానన్నాడు. మిగిలినది ఏదో తెలియాలంటే బూడిద తవ్వి చూడాలి.

మన ఇళ్లలో

కాబట్టి దెబ్బ తగిలినప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది. ఇందులో నా తప్పెంత? నా చేతిలో లేనిదెంత? వాన ముంచేసిన పంటకు రైతు తనను తాను నిందించుకోనక్కరలేదు. కాని బిల్లు లేకుండా విత్తనము కొని మోసపోతే, అందులో నేర్చుకొనవలసిన పాఠమున్నది. వచ్చే కారుకు బిల్లు తీసుకొని, ఖాళీ సంచిని, దానిమీది చీటీని పంట చేతికొచ్చేవరకు దాచిపెడితే, మొలక రానప్పుడు వ్యవసాయాధికారి ముందు పెట్టుటకు ఆధారముంటుంది. అప్పు తేవడము అలవాటైన ఇంట్లో భార్యాభర్తలు కూర్చొని ఒక పుస్తకములో వడ్డీతో సహా వ్రాసుకుంటే, ఎక్కడ జారామో కనబడుతుంది. తప్పును దేవుని యెదుట ఒప్పుకొనుట పశ్చాత్తాపము. దానిని కాగితముమీద పెట్టి, రెండవసారి చేయకుండా చూసుకొనుట ఆ పశ్చాత్తాపమునకు తగిన ఫలము.

పిల్లల విషయములో మరి ఎక్కువ జాగ్రత్త కావాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు వ్రాశాయి. తప్పినవారి జవాబు పత్రాలు తిరిగి పరిశీలించినప్పుడు వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైనట్టు తేలింది. కాగితముమీది అంకె ఒక్కొక్కసారి అదే తప్పు కావచ్చు. అది నిజమైనా, సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. బిడ్డకు మాత్రము సప్లిమెంటరీ లేదు.

అందుచేత ఫలితాల దినమున బిడ్డను ఒంటరిగా విడువకండి. పురుగుమందు ఇంట్లో ఉంచకండి. బిడ్డ మాటల్లో చావు ఊసు వస్తే, బెదిరిస్తున్నాడని కొట్టివేయకండి. 14416 నంబరుకు ఫోను చేస్తే మానసిక సహాయము ఉచితముగా దొరుకుతుంది. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన ఈ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రార్థనతోపాటు ఈ సహాయము కోరుట అవిశ్వాసము కాదు.

మా సంఘములోని ఆ అబ్బాయి సంగతి చెప్పకుండా ముగించకూడదు. మరునాడు ఉదయము తాతయ్యతో కలిసి కాలేజీకి వెళ్లి ఫీజు కట్టి వచ్చాడు. వారు వచ్చేసరికి తండ్రి వాకిట్లో నిలబడి ఉన్నాడు. “రాత్రి నేనన్న మాట తండ్రి అనవలసిన మాట కాదు, నాయనా. మనసులో పెట్టుకోకు” అన్నాడు. ఆ ఇంట్లో మొదట పాసైనది తండ్రేనని మేమంటాము. సప్లిమెంటరీలో లెక్కలు వచ్చాయి, ఫిజిక్సు మరల పోయింది. మరుసటి సంవత్సరము అదీ వచ్చింది. నేడు అతడు పక్క ఊరిలో కరెంటు మోటార్లకు వైండింగు చేస్తున్నాడు. తండ్రి అప్పు ఇద్దరూ కలిసి తీర్చారు. ఇప్పుడు ఫలితాలు వచ్చిన సాయంత్రము కొట్టు మూసివేసి, తప్పిన పిల్లలున్న ఇళ్లకు మాకంటె ముందుగా వెళ్లేవాడు అతడే. వెళ్లి, పేరు పెట్టి పిలిచి, ఏవి పోయాయని అడుగుతాడు.

ప్రియ చదువరులారా, ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయము చివరి భాగము, 2 తిమోతి 4వ అధ్యాయము కలిపి చదవండి. మన వీధిలో, మన సంఘములో పెర్గేనుండి వెనుదిరిగినవారు ఎవరున్నారో జ్ఞాపకము చేసుకొనండి. ఆదివారము ఆరాధన ముగియగానే ఆ గడపకు వెళ్లండి. ఏమి మాట్లాడాలో తెలియకపోయినా ఫరవాలేదు. పేరు పెట్టి పిలవండి. రెండవసారి నడిచే దారిలో కొంతదూరము వెంట నడవండి.