పాత అచ్చు, కొత్త పెట్టె: ప్లాస్టిక్ విమానాల జ్ఞాపకం ఎవరిది?

బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్ ఇప్పుడు రెండు రకాల విమాన కిట్లు అమ్ముతోంది. మొదటి రకం కంప్యూటర్‌లో గీసి కొత్తగా చేసినవి. వాటి భాగాలు ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుంటాయి. రెండో రకం పేరు ‘వింటేజ్ క్లాసిక్స్’. ఇవి దశాబ్దాల నాటి అచ్చుల్లోనే మళ్లీ పోసినవి. వీటి రెక్కలు సరిగ్గా అతకవు, కొలతలు తేడాగా ఉంటాయి, అంచుల వెంట అక్కర్లేని ప్లాస్టిక్ పొర కారి ఉంటుంది. కొనేవాళ్లకు ఇదంతా తెలుసు. తెలిసే కొంటారు.

కిట్ ఎప్పుడూ చూడనివారి కోసం కొంచెం వివరం. పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలు, వాటికి కాయల్లా అంటుకున్న రెక్కలు, తోక, చక్రాలు, వేలి గోరంత పైలట్ కనిపిస్తాయి. ఒక్కో భాగాన్నీ తుంచి, అంచు గీకి, జిగురుతో అతికించాలి. నిజానికి అది మామూలుగా అతికించడం కాదు. ఆ జిగురు పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. కరిగిన రెండు అంచులూ కలిసి ఒకే ముక్కగా గట్టిపడతాయి. అందుకే ఒక్క చుక్క ఎక్కువైతే కాక్‌పిట్ అద్దం మీద పిల్లాడి వేలిముద్ర శాశ్వతంగా ఉండిపోతుంది. చివర్లో నీళ్లలో నానబెట్టి, కాగితం మీద నుంచి జార్చి అంటించే గుర్తులుంటాయి. ఎక్కువగా వాడే కొలత 1/72. అంటే ఆరడుగుల మనిషి ఒక అంగుళం అవుతాడు, స్పిట్‌ఫైర్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు ఆరంగుళాలు వస్తాయి. పాత కిట్ల మీద రివెట్లు బుడిపెల్లా ఉబ్బి ఉండేవి. ఆ లెక్కన అసలు విమానం మీద ఒక్కో రివెట్ నిమ్మకాయంత ఉండాలి!

ఎయిర్‌ఫిక్స్ పేరుకు విమానాలతో సంబంధం లేదు. హంగరీ నుంచి వచ్చిన నికొలస్ కోవ్ 1939లో లండన్‌లో గాలి నింపే రబ్బరు బొమ్మల కోసం ఈ కంపెనీ పెట్టాడు. యుద్ధం తరువాత ప్లాస్టిక్ దువ్వెనల వ్యాపారంలోకి దిగి ఇంజెక్షన్ మోల్డింగ్ యంత్రం కొన్నాడు. ఫెర్గూసన్ ట్రాక్టర్ కంపెనీ తన సేల్స్‌మెన్ చూపించుకోవడానికి చిన్న ట్రాక్టర్ బొమ్మ అడిగింది. అదే తరువాత విడిభాగాల కిట్‌గా దుకాణాలకు వెళ్లింది. 1952లో ‘గోల్డెన్ హైండ్’ ఓడ కిట్ వూల్‌వర్త్స్ దుకాణాల్లో రెండు షిల్లింగులకే అమ్ముడైంది. స్పిట్‌ఫైర్ వచ్చింది ఆ తరువాతే.

ఇంత చవకగా అమ్మడం ఎలా సాధ్యమైందో తెలిస్తే నేటి వింటేజ్ వ్యాపారం కూడా అర్థమవుతుంది. ఉక్కు దిమ్మెను తొలిచి అచ్చు తయారు చేయడానికి భారీగా ఖర్చవుతుంది. ఆ తరువాత వేడి ప్లాస్టిక్‌ను ఒత్తిడితో పోసి, చల్లార్చి తీయడానికి అయ్యేది చాలా తక్కువ. అచ్చు ఖర్చు ఒకసారి తిరిగొచ్చాక మిగిలేది దాదాపు ప్లాస్టిక్, పెట్టెల ఖర్చే. కంపెనీ మునిగినా అచ్చు పాడవదు, మరొకరికి ఆస్తిగా మారుతుంది. ఎయిర్‌ఫిక్స్ 1981లో దివాలా తీసింది. ఆ తరువాత చేతులు మారుతూ హంబ్రోల్ దగ్గరికి, అదీ చితికిపోయాక 2006లో హార్న్‌బీ దగ్గరికి వెళ్లింది. యజమానులతో పాటు అచ్చులూ ప్రయాణించాయి.

వాటికన్నా దూరం వెళ్లినవి ఫ్రాగ్ కంపెనీ అచ్చులు. 1/72 కొలతలో ప్లాస్టిక్ విమాన కిట్లను 1936లోనే మొదలుపెట్టిన బ్రిటిష్ బ్రాండ్ అది. 1970ల మధ్యలో మూతపడ్డాక దాని అచ్చుల్లో చాలా భాగం సోవియట్ యూనియన్‌కు చేరాయి. జర్మన్, జపాన్ యుద్ధ విమానాల అచ్చులను మాత్రం వాళ్లు తీసుకోలేదు. మిగిలినవాటితో ‘నోవో’ పేరిట కిట్లు వచ్చాయి. ఇంగ్లండ్ పిల్లల కోసం తొలిచిన ఉక్కులోంచి సోవియట్ పిల్లల బాల్యం కూడా పుట్టింది. ఎవరి శత్రువు ఎవరి అల్మరాలో ఉండాలో కూడా ఆ అచ్చుల పంపకమే తేల్చింది.

ఇక పెట్టె మీది బొమ్మ. ఈ జ్ఞాపకంలో సగం దానిదే అనడం అతిశయోక్తి కాదు. 1964 నుంచి 1974 వరకు ఎయిర్‌ఫిక్స్ పెట్టెలకు బొమ్మలు వేసిన రాయ్ క్రాస్ అంతకుముందు విమాన పరిశ్రమలో సాంకేతిక చిత్రకారుడు. యంత్రం తెలిసిన చేయి కాబట్టి పొగ, మంట, వంగిన రెక్క అన్నీ నమ్మేలా ఉండేవి. లోపల ఉన్నదేమో బూడిద రంగు ముక్కలు. ఆ రెండింటి మధ్య దూరాన్ని పిల్లలు ఊహతో పూడ్చుకున్నారు. 1970ల చివర్లో హింసను తగ్గించాలని అవే బొమ్మల్లోంచి బాంబులు, పేలుళ్లు చెరిపేశారు. ఇప్పుడు వింటేజ్ పెట్టెల మీద పాత చిత్రాలకే పెద్ద పీట. క్రాస్ 2024 ఏప్రిల్‌లో నూరేళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆ పిల్లలిప్పుడు అరవైలు దాటినవాళ్లు. 1973 చమురు సంక్షోభంతో ప్లాస్టిక్ ధర పెరిగింది. దశాబ్దం చివరికి ఎలక్ట్రానిక్ ఆటలు వచ్చాయి. కొత్త తరం ఈ జిగురు సీసాల వైపు అంతగా రాలేదు. 2009లో బీబీసీ వ్యాఖ్యాత జేమ్స్ మే బడి పిల్లలతో కలిసి అసలు పరిమాణంలోనే స్పిట్‌ఫైర్ కిట్ కట్టించాడు. పిల్లలకు చేతులతో చేసే పని మీద ఆసక్తి కలిగించడం ఆయన ఉద్దేశం. కార్యక్రమం బాగుంది కానీ దాన్ని చూసి ఎక్కువగా మురిసింది పిల్లల తండ్రులే అయి ఉంటారు. వాళ్లలో చాలామంది ఇప్పుడు కిట్లు కట్టరు, కొని అటకెక్కిస్తారు. తెరవని పెట్టెకే సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో విలువ. కట్టడానికి పుట్టిన వస్తువుకు కట్టకపోవడమే ధర తెస్తోంది.

మన దగ్గర ఈ వ్యామోహం పలచనే. ‘ఏరోమోడలింగ్’ అంటే తెలుగునాట చాలామందికి గుర్తొచ్చేది ఎన్‌సీసీ ఎయిర్ వింగ్, బాల్సా చెక్క గ్లైడర్లు. దిగుమతులపై ఆంక్షలున్న రోజుల్లో ప్లాస్టిక్ కిట్ రావాలంటే విదేశాల్లోని బంధువు సూట్‌కేసులో చోటుండాలి. 2000ల చివరి నుంచి చాలా ఎయిర్‌ఫిక్స్ పెట్టెల మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని కనిపించడం మొదలైంది. అదే సమయంలో ఇక్కడి అభిరుచిదారుకు కిట్లు చవకయ్యాయా అంటే లేదు. కస్టమ్స్ లెక్కలో స్కేల్ మోడళ్లు ఆటవస్తువుల కిందికే వస్తాయి. ఆటవస్తువుల మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. చైనా బొమ్మలను ఆపడానికి పన్నిన వల ఇది. జపాన్, చెక్ కంపెనీల కిట్లూ అందులోనే పడ్డాయి.

అసలు తేడా అచ్చులోనే ఉంది. ఎయిర్‌ఫిక్స్ 1960లలో తెచ్చిన ‘నాట్’ బ్రిటన్ నడిపిన రెండు సీట్ల శిక్షణ విమానం. 1965, 1971 యుద్ధాల్లో భారత వైమానిక దళం నడిపిన నాట్‌కు ఒకటే సీటు. జర్మన్ ఇంజినీరు కర్ట్ టాంక్ రూపొందించిన ఫోకె వుల్ఫ్ 190 కిట్ ఎయిర్‌ఫిక్స్, ఫ్రాగ్ రెండూ చేశాయి. అదే టాంక్ బెంగళూరు వచ్చి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కోసం హెచ్‌ఎఫ్-24 మారుత్ రూపొందించాడు. 1961 జూన్‌లో తొలిసారి ఎగిరి, 1971 యుద్ధంలోనూ పాల్గొన్న ఆ జెట్ యుద్ధ విమానానికి ఈ రెండు కంపెనీల జాబితాల్లోనూ చోటు దక్కలేదు.