పెరట్లో కలుపుకి గడ్డి దుప్పటి: నేను చేసిన తప్పులతో సహా

పోయిన ఎపిసోడ్‌లో టమాటా నారు గురించి మాట్లాడుకున్నాం కదా, ఈరోజు కలుపు. ఇది కొంచెం పర్సనల్ కూడా.

నేను జాబ్ మానేసి తెనాలి దగ్గర మా ఊరికి వచ్చేసరికి మా అమ్మ ఒక నిర్ణయం తీసేసుకుంది. "కలుపు తీయలేకపోతున్నారా, మోకాళ్ళు వంగట్లేదు. పెరడంతా సిమెంట్ చేయించేద్దాం" అని. మేస్త్రీని పిలిచి కొలతలు కూడా తీయించింది. చిన్నప్పట్నుంచి నేను తిన్న వంకాయలు, బెండకాయలు ఆ పెరట్లోవే. "ఒక్క సీజన్ టైమివ్వమ్మా" అన్నా. అలా మొదలైంది.

మల్చింగ్ అంటే మట్టిని కప్పడం, అంతే. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు ఆచ్ఛాదన అంటారు. చాలా రకాల కలుపు గింజలు బాగా చిన్నవి, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. ఒకవేళ చీకట్లో మొలిచినా, అంత చిన్న గింజలో దాచుకున్న తిండి ఎంత ఉంటుంది? కప్పు దాటి పైకి వచ్చేలోపే అయిపోతుంది. మనం గునపంతో తవ్విన ప్రతిసారీ కింద నిద్రపోతున్న గింజల్ని పైకి తెచ్చి లైట్ వేస్తున్నట్టే. అందుకే శుభ్రం చేసిన వారానికే మళ్ళీ పచ్చగా కనిపిస్తుంది.

ఇక నా మొదటి వెర్షన్. ఫుల్ బగ్స్. ఉన్న గరిక పీకకుండా దాని మీదే అంగుళం మందాన వరిగడ్డి పరిచేశా. గరిక హాయిగా బయటికొచ్చింది. పైగా గడ్డిలో మిగిలిన వడ్లు మొలిచి నారుమడి తయారైంది. "ఊడ్పులు ఎప్పుడ్రా?" అని అమ్మ ఒకటే నవ్వు.

రెండోసారి సరిగ్గా చేశా. ముందు కలుపు వేళ్ళతో సహా తీసి, మట్టి బాగా తడిపా. పాత న్యూస్‌పేపర్లు, రంగుల మెరుపు కాగితం కాకుండా మామూలువి, ఆరేడు పొరలు వేశా. అంచులు ఒకదాని మీద ఒకటి నాలుగు అంగుళాలు ఎక్కాలి, ఖాళీ దొరికితే కలుపు అక్కడే దూరుతుంది. పేపర్ తడిపి, దాని మీద బాగా దులిపిన గడ్డి. అణిగాక 3 అంగుళాలు ఉండాలి కాబట్టి వేసేటప్పుడు కాస్త ఎక్కువే వేయండి. 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మడికి అణిగాక లెక్క వేస్తే 10 ఘనపుటడుగులు. గడ్డి దొరకదా? ఎండుటాకులు చాలు, పైసా ఖర్చు లేదు.

మొక్క కాండం చుట్టూ మాత్రం రెండు అంగుళాలు ఖాళీ వదలండి. నేను వదల్లేదు. వానల్లో తడి పట్టేసి రెండు టమాటా మొక్కలు మొదట్లోనే కుళ్ళిపోయాయి. ఇంటి గోడకి ఆనించి కూడా గడ్డి వేయకండి, చెదలు వస్తాయి. కొత్తిమీర, తోటకూర లాంటివి నేరుగా చల్లితే, మొక్కలు కాస్త ఎదిగాకే పక్కన పరవండి. లేకపోతే కలుపుతో పాటు మన గింజలూ చీకట్లోనే పోతాయి. వయ్యారిభామ లాంటివి పువ్వు వేసిన కలుపుని మల్చ్‌గా వాడొద్దు, మళ్ళీ విత్తనాలు మీరే చల్లినట్టు.

ఇప్పుడు తుంగ. ఇక్కడ మల్చింగ్ ఓడిపోతుంది, ఓపెన్‌గా చెప్తున్నా. దాని కింద గడ్డలుంటాయి, వాటిలో తిండి బోలెడు. మొలక సూదిలా ఉంటుంది, పేపరే కాదు, ప్లాస్టిక్ షీట్‌ని కూడా పొడుచుకుని వస్తుంది. మొలక కనిపించిన ప్రతిసారీ లేతగా ఉన్నప్పుడే పీకాలి, గడ్డలో సరుకు అయిపోయేదాకా. ఒక్క వారం బద్ధకిస్తే మళ్ళీ మొదటికే. గడ్డి కింద మట్టి మెత్తగా ఉంటుంది కాబట్టి గడ్డతో సహా రావడం మాత్రం తేలికైంది.

గడ్డి కుళ్ళి పలచబడుతుంది, రెండు మూడు నెలలకోసారి పైన మళ్ళీ వేస్తున్నా. మా ఇంట్లో రోజూ ఉండే కలుపు పని ఇప్పుడు వారానికి ఇరవై నిమిషాలు, అదీ తుంగ వల్లే. అంచుల్లో వచ్చే గంగవాయిలిని అమ్మ పీకనివ్వదు, పప్పులోకట.

మొన్న మేస్త్రీ ఫోన్ చేశాడు, సిమెంట్ ఎప్పుడు తెప్పించమంటారని. "వంకాయ కాపు మీదుంది, సంక్రాంతి వెళ్ళాక చూద్దాంలే" అంది అమ్మ.