ర్యాంపుపై ఎర్రదీపం.. రహదారికి ఊపిరి

వాహనాలు ఒక్కుమ్మడిగా చొరబడితే నగర ఫ్రీవేలు స్తంభించిపోతాయి. అందుకే ప్రవేశ ర్యాంపుల వద్ద సిగ్నళ్లు నెలకొల్పి, రద్దీని బట్టి కొన్ని సెకన్లకొక వాహనాన్ని వదులుతారు. ఇదే 'ర్యాంప్ మీటరింగ్'. 1963లో షికాగోలో దీనికి శ్రీకారం చుట్టారు.

అమెరికాలోని జంటనగరాలు మినియాపొలిస్, సెయింట్ పాల్‌లలో ఈ నిరీక్షణపై వాహనదారులు భగ్గుమన్నారు. మిన్నెసోటా శాసనసభ ఆదేశం మేరకు 2000 అక్టోబరులో సుమారు 430 సిగ్నళ్లను ఆరు వారాలకు పైగా ఆపివేసి పరిశీలించారు. ఫలితంగా ఫ్రీవేలపై వాహనాల రాకపోకలు 9 శాతం తగ్గాయి. అయినప్పటికీ ప్రయాణ సమయం 22 శాతం, ప్రమాదాలు 26 శాతం పెరిగాయి.

దీంతో సిగ్నళ్లను పునరుద్ధరించారు. అయితే ప్రజాగ్రహమూ వృథా కాలేదు. సిగ్నళ్ల సంఖ్యను తగ్గించడంతో పాటు, ర్యాంపులపై నిరీక్షణ నాలుగు నిమిషాలు మించరాదని నిబంధన విధించారు.