వృద్ధుల చూపు - ఒక ఔషధ పరీక్ష

వయసు మీరినవారికి చూపు మందగించినంతనే శుక్లములు వచ్చినవని తలచుట మనకు పరిపాటి. శుక్లము కంటి కటకమునకు పట్టిన మసక. శస్త్రచికిత్సతో అది తొలగును. అంతకన్న ప్రమాదకరమైన వ్యాధి మరియొకటి కంటి వెనుకభాగమున గలదు. అక్షరములు చదువుటకును, ఎదుటివారి ముఖము పోల్చుటకును తోడ్పడునది నేత్రపటలము నడుమనున్న పచ్చచుక్క. దీనినే మాక్యులా యందురు. వార్ధక్యమున ఇది క్షీణించుట రెండు విధములు. పొడి విధమున చూపు మెల్లమెల్లగా తగ్గును. తడి విధమున నేత్రపటలము క్రింద పెళుసైన క్రొత్త రక్తనాళములు మొలచి, రక్తమును ద్రవమును స్రవించును; కొలది వారములలోనే నడిచూపు చెడవచ్చును.

ఈ నాళములను పెంచునది వి.ఇ.జి.ఎఫ్. అను మాంసకృత్తు. దానిని అడ్డగించుటకు రానిబిజుమాబ్ అను ఔషధమును కనుగొనిరి. అయినను ఊహ సమంజసముగా నున్నంత మాత్రమున చాలదు. అది చూపును నిజముగా కాపాడునో లేదో పరీక్షయే తేల్చవలెను.

2003లో అమెరికాలో ఆరంభమైన మారినా పరీక్షలో 716 మంది రోగులు చేరిరి. చీట్లు వేసినట్లు, ఎవరి ఇష్టముతోను నిమిత్తము లేకుండ, వారిని మూడు జట్లు చేసిరి. రెండు జట్లవారికి నెలకొకమారు మందును కంటిలోనికి ఎక్కించిరి. మూడవ జట్టువారికి సూదిలేని పిచికారిని తిమ్మిరెక్కించిన కంటిపై ఒత్తిరేగాని మందీయలేదు. ఇట్లు జరుగవచ్చునని ముందే తెలిసి రోగులు సమ్మతించిరి. ఇది కఠినముగా తోచవచ్చును. కాని ఆశ చేతనే మేలు కలిగినట్లు రోగికిని వైద్యునికిని తోచుట కద్దు. పోల్చిచూచుటకు వేరొక జట్టు లేనిచో మందు ఫలమేదో, ఆశ ఫలమేదో తెలియదు.

2006లో ఫలితములు వెలువడినవి. ఏడాది గడచుసరికి మందు పొందినవారిలో నూటికి సుమారు 95 మందికి చూపు నిలిచెను. అనగా, పరీక్షాఫలకముపై వారు కోల్పోయినది 15 అక్షరములలోపే. మందు పొందనివారిలో అట్టివారు 62 మంది. అపాయము లేకపోలేదు: రెండేండ్లలో మందు పొందినవారిలో నూటికొకరికి కంటిలోపల తీవ్రమైన వాపు కలిగెను.

ఇక మిగిలినది వెల. ఒక్కొక్క మోతాదు నాడు సుమారు 2000 డాలర్లుండెను! క్యాన్సరుకు వాడు బెవాసిజుమాబ్ అను మందు సుమారు 50 డాలర్లకే లభించుచుండెను. ఈ రెంటిని పోల్చిన మరియొక పరీక్ష 2011లో ప్రకటితమయ్యెను. నెలనెలా ఇచ్చినపుడు ఏడాదిలో ఖరీదైన మందుతో సగటున 8.5 అక్షరములు, చవుకమందుతో 8 అక్షరములు చూపు మెరుగుపడెను. పేదకంటికిని ఆశ కలిగినది.

ఇంట పెద్దలున్నచో, అప్పుడప్పుడు ఒక కన్ను మూసి, రెండవ కంటితో గళ్ల కాగితమును చూడుమనుడు. ఒక కంటి లోపమును రెండవది కప్పిపుచ్చును గనుక కండ్లను విడివిడిగానే పరీక్షింపవలెను. గీతలు వంకరగా కనిపించినను, నడుమ మచ్చ తోచినను జాగు చేయక నేత్రవైద్యుని కడకు పోవలెను. పోయిన చూపు అందరికిని తిరిగి రాదు. ఉన్న చూపును నిలుపుకొనుటకు సకాలమే ముఖ్యము.