చేవ్రాలుకు ముందే ఆలోచన: వృద్ధాప్య పోషణకు చట్టం చూపే దారులు

కొన్నేళ్ళ క్రిందట మా వీధిలోని ఒక పెద్దావిడ కన్నడంలో వ్రాసిన దస్తావేజు నా చేతికిచ్చి, "అయ్యవారూ, నాకు అన్నం పెట్టాలని ఇందులో వ్రాశారా?" అని అడిగినారు. మొదటి నుండి చివరి వరకు రెండుసార్లు చదివాను. పొలం ఎల్లలున్నాయి, సర్వే నంబరున్నది, ఆమె వేలిముద్ర ఉన్నది. ఆమె అడిగిన మాట మాత్రం లేదు.

మన సరిహద్దు గ్రామాలలో ఇంటి భాష తెలుగు. దస్తావేజు భాష బళ్ళారిలో కన్నడం, హోసూరులో తమిళం, పర్లాకిమిడిలో ఒడియా, సిరొంచలో మరాఠీ. కనుక పెద్దలు తమకు చదవరాని కాగితంపై తమ శేషజీవితాన్ని అప్పగించే ప్రమాదం ఇక్కడ ఎక్కువ. న్యాయవాది సలహా పొందవలసిన సమయం తగాదా వచ్చిన తరువాత కాదు, చేవ్రాలుకు ముందే.

మొదట దానపత్రానికి, వీలునామాకు గల భేదమును గ్రహించాలి. వీలునామా వ్రాసినవారి మరణానంతరమే అమలులోకి వస్తుంది. బ్రతికియున్నంత కాలం దానిని మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. ఇద్దరు సాక్షులు అవసరం. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. స్థిరాస్తి దానపత్రానికి రిజిస్ట్రేషను తప్పనిసరి. ఒకసారి ఇచ్చిన దానమును సాధారణంగా వెనుకకు తీసుకొనజాలరు. "ఎప్పటికైనా వాడిదే కదా" అని బ్రతికుండగానే పొలమంతా దానమిచ్చినవారు ఈ భేదమును ఆలస్యంగా తెలుసుకొంటున్నారు.

బ్రతికుండగానే ఇవ్వదలచినచో దస్తావేజులో రెండు విషయాలు స్పష్టంగా వ్రాయించుకోవాలి. ఒకటి, ఇంట్లో నివసించుటకు, పంట ఫలసాయం అనుభవించుటకు జీవితకాలపు హక్కు. రెండు, ఆస్తి పొందినవారు తిండి, బట్ట, వసతి, వైద్యం చూడవలెనన్న షరతు. ఈ రెండవదానికి గొప్ప బలం కలదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షను ప్రకారం, అట్టి షరతుతో ఆస్తి పొంది పోషణ మానివేసినచో, ఆ బదిలీని రద్దు చేయుమని వృద్ధులు ట్రిబ్యునలును కోరవచ్చు. ఈ సెక్షను చట్టం అమలులోకి వచ్చిన తరువాతి బదిలీలకే వర్తిస్తుంది.

షరతు ఉన్నట్లు నిరూపించనిదే రద్దు కుదరదని సుప్రీంకోర్టు 2022లో చెప్పినది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, దానపత్రంతో పాటు కుమారుడు వ్రాసియిచ్చిన వాగ్దాన పత్రాన్ని పరిగణించి, ఆస్తిని ఆమెకు తిరిగి ఇప్పించినది. నోటిమాటకు, వ్రాతకు గల అంతరం ఈ రెండు తీర్పులలో కనబడుతుంది.

ఆస్తి ఇవ్వకపోయినా పోషణ అడిగే హక్కు తల్లిదండ్రులకున్నది. కుమారులతో పాటు కుమార్తెలు, యుక్తవయస్కులైన మనవలు, మనవరాళ్ళు కూడా బాధ్యులే. సంతానం లేని 60 ఏళ్ళు దాటినవారు తమ ఆస్తిని అనుభవించుచున్న లేక వారసత్వంగా పొందబోవు బంధువును అడుగవచ్చు. రెవెన్యూ సబ్ డివిజను స్థాయి అధికారి ట్రిబ్యునలుకు అధ్యక్షుడు. కర్ణాటకలో ఆయనను అసిస్టెంటు కమిషనరని, ఒడిశాలో సబ్ కలెక్టరని వ్యవహరిస్తారు. నెలకు 10,000 రూపాయలకు మించకుండా రాష్ట్రం నిర్ణయించిన పరిమితిలో భృతి మంజూరు చేస్తారు. నోటీసు అందిన 90 రోజులలో తేల్చాలి. ప్రత్యేక కారణాలున్నచో మరొక 30 రోజులు పొడిగించవచ్చు.

సరిహద్దు కుటుంబాలు ముఖ్యంగా గమనించవలసిన అంశమొకటి ఉన్నది. తల్లి బళ్ళారి జిల్లాలో, కుమారుడు హైదరాబాదులో ఉన్నారనుకొందాము. ఆమె తానున్న జిల్లాలోనే దరఖాస్తు చేయవచ్చు. ఉత్తర్వు వచ్చిన తరువాత, కుమారుడున్న చోటి ట్రిబ్యునలు ద్వారా కూడా దానిని అమలు చేయించవచ్చు. రాష్ట్రపు గీత దాటినంత మాత్రాన బాధ్యత తీరదు.

ఈ ట్రిబ్యునలులో న్యాయవాదులు వాదించరాదని చట్టంలోని 17వ సెక్షను చెబుతున్నది. కేరళ హైకోర్టు 2021లో ఆ నిషేధం చెల్లదన్నది. ఏమైనా వృద్ధులు స్వయంగా దరఖాస్తు చేసుకొనవచ్చు. అశక్తులైనచో వారు అధికారమిచ్చిన వేరొకరు చేయవచ్చు. పత్రాల తయారీకి, సలహాకు రుసుము చెల్లించలేని స్త్రీలు తాలూకా న్యాయసేవా కమిటీని ఆశ్రయించవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

పవర్ ఆఫ్ అటార్నీ విషయంలో ఒక భ్రమ ఉన్నది. అది ఇచ్చినవారు మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా సాధారణంగా చెల్లదు. మతిమరుపు వ్యాధి ముదిరిన తరువాత బ్యాంకు సొమ్ము తీయుటకు కుటుంబం హైకోర్టు దాకా వెళ్ళవలసి రావచ్చు. కనుక జ్ఞాపకం బాగున్నప్పుడే భార్యాభర్తల ఖాతాలను ఉమ్మడిగా మార్చుకోవడం, నామినీ పేర్లు సరిచూసుకోవడం, వీలునామా వ్రాయడం మేలు.

ఖర్చు సంగతి కూడా ముందే లెక్కించుకోవాలి. 2024 అక్టోబరు నుండి 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ క్రింద కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స విస్తరించినారు. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పటికే. ఇంటివద్ద సేవకు మనిషిని పెట్టుకోవాలంటే కౌలు, అద్దె, పింఛను, పోస్టాఫీసు వడ్డీ వంటి నెలసరి రాబడి వృద్ధుల పేరనే నిలిచి ఉండాలి.

చివరిగా ఒక విన్నపం. పెద్దలచేత సంతకం చేయించే ముందు, ఆస్తితో సంబంధం లేని ఒకరిచేత దస్తావేజును తెలుగులో చదివించి అర్థం చెప్పించండి. అట్లు చదివి వినిపించినట్లు అందులోనే వ్రాయించి, చదివినవారి సంతకం తీసుకొనండి. సందేహమున్నచో ఆ రోజుకు రిజిస్ట్రేషను ఆపండి. వృద్ధుల సహాయార్థం 14567 అనే ఉచిత ఫోను నంబరు కూడా ఉన్నది.

ఆ పెద్దావిడకు ఆ సాయంత్రం నేను చెప్పగలిగినది ఒక్కటే, "అమ్మా, ఆ మాట లేదు" అని. మరొక తల్లికి మరొక అయ్యవారు "ఉన్నదమ్మా" అని చెప్పగలగాలి.