గడ్డమూ, నురగా, కొంచెం కెమిస్ట్రీ

కాలేజీలో అడుగుపెట్టిన మగపిల్లవాడికి తప్పని పనులు రెండు. ఒకటి ప్రాక్టికల్ రికార్డు రాయడం, రెండోది గడ్డం గీసుకోవడం. మొదటిది పక్కవాడిది చూసి రాసెయ్యొచ్చు. రెండోది మాత్రం ఎవడిది వాడే గీసుకోవాలి. అందుకని ఈ రెండో పనిలో ఉన్న సైన్సు గురించి నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. విద్యార్థినులు పేజీ తిప్పెయ్యనక్కర్లేదు. ఇందులో ఉన్నదంతా నీళ్ళు, సబ్బు, నూనెల సంగతే.

మా హాస్టల్లో ఒకరిద్దరు తాతలనాటి మడత కత్తి, అంటే మనం మంగలికత్తి అనేది, సరదాగా తెచ్చుకుని వాడుతున్నారు. వారి మధ్య ఎప్పుడూ ఒకటే వాదన. బ్రష్షుతో నురగ తీసి గీసుకోవడం మంచిదా, బ్రష్షు అక్కర్లేని క్రీము వేళ్ళతో రాసుకుని గీసుకోవడం మంచిదా? వాదన తేలాలంటే ముందు వెంట్రుక సంగతి తెలియాలి.

మెత్తబరిచేది ఎవరు?

వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీను. గొడ్డు కొమ్ము, గిట్ట, మన గోరు అన్నీ ఆ జాతివే. ఎండిన గడ్డం వెంట్రుక చాలా మొండిది. అయితే కెరటిన్ పోగుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలు నీటికి లొంగుతాయి. వెంట్రుక తన బరువులో సుమారు 30 శాతం దాకా నీటిని పీల్చుకోగలదు. అప్పుడది లావెక్కుతుంది, మెత్తబడుతుంది, తక్కువ బలంతో తెగుతుంది. గోరువెచ్చటి నీళ్ళయితే దీనికి రెండు మూడు నిమిషాలు చాలు.

మా ఇంట్లో సేద్యం తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. కత్తికి పదును అంటే వాడి. నేలకి పదును అంటే దున్నడానికి తగిన తేమ. ఎండిన చేలో ఎంత మంచి నాగలి దించినా పెళ్ళలు లేస్తాయే గాని చాలు సాగదు. గడ్డానికి కూడా ఈ రెండు పదునులూ కావాలి.

కాబట్టి చాలామంది అనుకున్నట్టు వెంట్రుకను మెత్తబరిచేది సబ్బు కాదు, క్రీమూ కాదు, నీరే. మరి సబ్బు చేసే పనేమిటి? వెంట్రుక మీదున్న చర్మపు జిడ్డును కడిగి నీటికి దారి ఇవ్వడం, ఆ నీరు ఆరిపోకుండా కాపలా కాయడం, కత్తి జారడానికి వీలు కల్పించడం.

నురగ కథ

గడ్డం సబ్బులో ముఖ్యమైనది స్టియరిక్ ఆమ్లపు లవణాలు. సోడియం లవణం గట్టి సబ్బు, పొటాషియం లవణం మెత్తటి సబ్బు. రెండూ కలిపితే బ్రష్షుకి సులువుగా ఎక్కే సబ్బు వస్తుంది. కొబ్బరినూనె సబ్బు నురగను త్వరగా లేపుతుంది, స్టియరేటు ఆ నురగను చిక్కగా నిలబెడుతుంది. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. నురగ అంటే గాలి బుడగల చుట్టూ పలచటి నీటి పొరలు. బుడగలు సన్నగా ఉంటే నీరు తొందరగా జారిపోదు. పెద్ద బుడగల నురగ చూడ్డానికి పొంగుగా ఉంటుంది కాని రెండు నిమిషాల్లో ఎండిపోతుంది. బ్రష్షు ఇంకో పని కూడా చేస్తుంది. పడుకున్న వెంట్రుకల్ని లేపి నిలబెడుతుంది.

నురగకి శత్రువు కఠిన జలం. బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెల్లటి మడ్డి అవుతాయి. కందిపప్పు ఒక పట్టాన ఉడకని నీళ్ళున్న ఊళ్ళవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. సబ్బు సగం అరిగినా నురగ రాదు. ఒక లోటాడు వాన నీళ్ళో ఫిల్టరు నీళ్ళో గడ్డానికి విడిగా పెట్టుకుంటే సమస్య తీరుతుంది. సబ్బుకి ఇంకో లోపం క్షార గుణం. చర్మపు పి.హెచ్. 5 దగ్గర ఉంటే, సబ్బుది 9, 10 దాకా పోతుంది. పొడిచర్మం వాళ్ళకి గీసుకున్నాక మంట అందుకే.

బ్రష్షు లేని క్రీము

ఇది అమెరికాలో పేరుకొచ్చిన సరుకు. 1919లో ఫ్రాంక్ షీల్డ్స్ అనే ఆయన బార్బసాల్ అనే క్రీము తెచ్చాడు. 1925లో వచ్చిన బర్మాషేవ్ అయితే రోడ్ల పక్కన వరసగా పాతిన బోర్డుల మీది తమాషా పద్యాలతో దేశమంతా పేరు తెచ్చుకుంది. అప్పటికే అక్కడ జిల్లెట్ సేఫ్టీ రేజరు ఇంటింటికీ చేరింది. అంటే ఈ క్రీము పుట్టింది మడత కత్తి కోసం కాదు.

బ్రష్షు మీద అనుమానం పుట్టడానికి కూడా ఆ రోజుల్లో ఒక కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సరిగా శుద్ధి చెయ్యని గుర్రపు వెంట్రుకలతో చేసిన చవక బ్రష్షుల వల్ల ఇంగ్లండు, అమెరికాల్లో సైనికులకీ, మామూలు జనానికీ ఆంత్రాక్స్ సోకింది. మన పశువులకి వచ్చే దొమ్మరోగం అదే. దాని బీజాలు వెంట్రుకల్లో ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి. గడ్డం గీసినప్పుడు పడే చిన్న గాట్లే వాటికి దారి అయ్యాయి.

రసాయనికంగా ఈ క్రీము నీటిలో నూనె కలిసిన ఎమల్షన్. ఇందులో స్టియరిక్ ఆమ్లాన్ని కొంత మేరకే ట్రైఇథనోలమీన్ వంటి క్షారంతో సబ్బుగా మారుస్తారు. మిగతాది ఆమ్లంగానే ఉండిపోతుంది. దానికి ఖనిజ నూనె, లానోలిన్, గ్లిజరిన్ చేరుస్తారు. ముఖానికి రాసుకునే వానిషింగ్ క్రీముకి ఇది దగ్గరి చుట్టం. నురగతో పని లేదు కాబట్టి కఠిన జలం దీన్ని అంతగా ఏమీ చెయ్యలేదు. పొడిచర్మానికి హాయిగా ఉంటుంది. ప్రయాణంలో సుఖం. కాని దీనికి జిడ్డు కడిగే శక్తి తక్కువ, వెంట్రుకను లేపదు. ముఖం ముందు బాగా కడిగి నానబెట్టకుండా రాస్తే ఎండిన చేను మీద నూనె పోసినట్టే.

మడత కత్తి దగ్గర తేడా

అసలు చిక్కు వేళ్ళ దగ్గర వస్తుంది. సేఫ్టీ రేజరుకి కమ్మీ కాపలా ఉంది. మడత కత్తికి కాపలా మన చెయ్యే. కత్తిని చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో పట్టి, రెండో చేత్తో చర్మాన్ని బిగలాగాలి. మా ఊళ్ళో గడ్డాలు గీసే పెద్దాయన్ని వేసవి సెలవుల్లో అడిగాను, "బాబాయ్, నువ్వు ఆ క్రీము ఎందుకు వాడవు?" అని.

"ఏళ్ళు జారతయ్యి అబ్బాయ్. జారితే నాదేం పోయింది, నీ చెంప పోద్ది" అన్నాడు.

మా నాన్నగారి చిన్నప్పుడు కళ్ళంలో మేర తీసుకుని ఊరందరికీ గడ్డాలు గీసిన కుటుంబం వారిది. ఆయన ఒక్క ముక్కలో చెప్పింది పుస్తకంలో ఒక అధ్యాయం. బ్రష్షుతో నురగ పూస్తే వేళ్ళు పొడిగా ఉంటాయి, చర్మం మీద పట్టు దొరుకుతుంది. క్రీము వేళ్ళతో పూస్తే పట్టూ జారుతుంది, పిడీ జారుతుంది. పైగా జిడ్డు క్రీము కత్తికి దళసరిగా అంటుకుంటుంది, మాటిమాటికీ తుడవాలి.

కాబట్టి నా మట్టుకు తేల్చుకున్నది ఇది. మడత కత్తికి నురగే మేలు. సేఫ్టీ రేజరు వాడేవారికీ, పొడిచర్మం వారికీ, నీళ్ళు బాగాలేని చోటా క్రీము మంచిదే. మడత కత్తికి క్రీమే వాడతామంటే ముఖం కడిగి మూడు నిమిషాలు తడిగా ఉంచి, పలచగా రాసి, చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకున్నాకే కత్తి ముట్టుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం వాదనకి తావు లేదు. ఒకరి కత్తి ఇంకొకరు వాడకూడదు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట ఏడు రోజులు కూడా బతికి ఉండగలదు. కంటికి కనపడని నెత్తురు చాలు దానికి. గాటు మీద పటిక రుద్దితే నెత్తురు ఆగుతుందే గాని వైరస్ చస్తుందన్న భరోసా లేదు. సెలూన్లో కూర్చోగానే "కొత్త బ్లేడు వెయ్యన్నా" అని అడగడానికి మొహమాటపడకండి. ఊళ్ళో ఉన్న మీ నాన్నగారికి కూడా ఈ మాట చెప్పండి. మా నాన్నగారికి నేను చెప్పాను. బాబాయికీ చెప్పాను. ఇప్పుడాయన మనిషికొక సగం బ్లేడు మారుస్తున్నాడు. నురగ మాత్రం బ్రష్షుతోనే!